కొంగు మీద నేసిన చిరునామా

కడపలో చేనేత ప్రదర్శన జరుగుతున్న మైదానంలోకి ఒక లెక్చరరమ్మ రెండు చీరలు చంకన పెట్టుకుని వచ్చింది. ఎండ నడినెత్తికి ఎక్కింది. షామియానా కింద కొనేవాళ్ల కన్నా విసనకర్రలు ఊపుకునేవాళ్లే ఎక్కువ ఉన్నారు. ఆమె ఎటూ చూడకుండా నేరుగా ఒక చేనేత సంఘం దుకాణం ముందుకు వచ్చి, రెండు చీరల్నీ బల్ల మీద పరిచింది. ఒకటి చాలా ఏళ్లు కట్టిన చిలకపచ్చ చీర. రెండోది కొత్తది. ఒక్కసారి తడిసినందుకే ఎర్రంచు రంగు ఒళ్లంతా దిగి, గాయానికి కట్టిన గుడ్డలా ఉంది.

"ఏమప్పా, ఇది మీ చీరేనా?"

సంఘం అధ్యక్షుడు ఓబులేసు పాత చీర అంచు పట్టుకుని చూశాడు. "ఇది మాదేనమ్మా." కొత్తదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి వదిలేశాడు. "ఇది మాది గాదు. మరమగ్గం గుడ్డ ఇది."

"మీది గాకుండా ఎట్ల పోతాది? ఈ పాత చీర కొంగు మీద మీరు నేసిన అడ్రసే కంప్యూటర్లో కొట్టి చూసినా. మీ సంఘం పేరే ఉండాది. మీ మగ్గం బొమ్మే ఉండాది. ఆడున్న నంబరుకు ఫోన్ చేసి తెప్పించుకున్యా. మా అక్క కూతురి నిశ్చితార్థానికి పెట్టిన చీరప్పా ఇది. పిల్లకు చెమట పట్టేసరికి మెడా నడుమూ ఎర్రగా అయిపాయె. మగపెళ్లివాళ్ల ముందర మా తల ఎత్తుకోలేకపోతిమి."

"ఫోన్ ఎవురెత్తినారమ్మా?"

"నాకేం తెల్సు? సంఘమేనా అంటే సంఘమే అన్యారు."

బల్ల వెనక కూర్చున్న లక్ష్మీదేవి అప్పుడు లేచింది. ఆ సంఘంలో కొత్త నమూనాలు గీసేది ఆమే. పాత చీర కొంగు తిరగేసింది. చివర జానెడు జాగాలో, లోపలివైపు, ఆవగింజలంత ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. వెబ్‌సైట్ చిరునామా. ఆ అక్షరాలను గళ్ల కాగితం మీద గీసి, మగ్గానికి నమూనా అందించే జాకార్డు అట్టల మీద తొలిచి, మగ్గం ఎక్కించింది ఆమే. అచ్చు వేసినవి కావు. నేసినవి. చీర చినిగేదాకా పోవు.

ప్రదర్శన గురించి వార్త రాయడానికి వచ్చి నేను అక్కడే నిలబడి ఉన్నాను. ముగ్గురినీ ఏడు రోడ్ల కూడలి దగ్గరున్న ఒక నెట్ సెంటర్‌కు తీసుకుపోయాను. ఆ చిరునామా కొట్టాను. పేజీ తెరుచుకుంది. సంఘం పేరు ఉంది, మగ్గం బొమ్మ ఉంది. దాని కింద చీరల బొమ్మలు ఉన్నాయి, ఫోన్ నంబరు మాత్రం ఎవరిదో. 

ఓబులేసు తెరకు ముఖం ఆనించినంత పని చేశాడు. "ఇది మాదేనా సార్?"

లక్ష్మీదేవి జవాబు చెప్పింది. "పేరు మనదే మామా. చీరలు మనవి గావు."

నా పని ఏమిటంటే

నేను దినపత్రికలో పనిచేశాను. మొదట కర్నూలులో సబ్ ఎడిటర్‌ని, తరువాత కడపలో రిపోర్టర్ని. రెండువేల దశకంలో పత్రికలన్నీ హడావిడిగా వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నప్పుడు, ఆ రెండు జిల్లాల పేజీలను నెట్‌లోకి ఎక్కించే పని కూడా నా నెత్తిన పడింది. కారణం నాకేదో తెలుసని కాదు. మిగతావాళ్లు వద్దన్నారు, నేను అనలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, అప్పట్లో వెబ్ డెస్క్ అంటే ఎలా ఉండేదని. ఎక్కువ భాగం అదొక గుమాస్తా పని. అచ్చయిన వార్తను మళ్లీ ఎక్కించడం, ఫొటో చిన్నది చేయడం, శీర్షిక కింద లింకు సరిగా పడిందో లేదో చూసుకోవడం. దాని గురించి రాయడానికేమీ లేదు. నేను రాయదలచుకున్నది వేరు. ఆ దశకంలో మా ప్రాంతంలో కలెక్టరాఫీసు నుంచి మామిడి తోటల యజమాని దాకా అందరూ వెబ్‌సైట్ పెట్టించుకున్నారు. అది దేనితో తయారవుతుందో, దానిలో ఏది ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు ఒక్కడూ చెప్పలేదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. తెలియనివాళ్లు తెలిసినట్టు నటించారు. పది మాటలు తేటగా చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకపోవడం వల్ల ఒక ఊరు తన పేరు పోగొట్టుకుంది. ఇన్నేళ్ల తరువాత కూడా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

గోడకు వేలాడిన వెబ్‌సైట్

ఆ ఊరు కడపకు తూర్పున ఉంది. పేరు రాయను. పేరు మీదే తగువు కాబట్టి.

సంఘానికి వెబ్‌సైట్ చేసిపెట్టినవాడు మురళి. కర్నూలులో ఒక అద్దె గది, రెండు కంప్యూటర్లు, మెడలో టై. మాట తియ్యన. ఏదో శిక్షణ సదస్సులో ఓబులేసుకు తగులుకున్నాడు. "పెద్దాయనా, ఇంగ మీరు బేరగాని కాడికి పోబన్లేదు. బేరగాడే మీ ఇంటికాడికి వస్తాడు" అన్నాడు. నూలిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ల చేతుల్లో, దళారుల చేతుల్లో నలిగిన ఊరు అది. ఆ ఒక్క మాట చాలింది.

మంచిరోజు చూసి ప్రారంభోత్సవం పెట్టారు. ఒక పెద్దమనిషి వచ్చి మౌస్‌కు కుంకుమబొట్టు పెట్టి నొక్కాడు. మా పత్రికలో ఫొటో వేశాం, నాలుగు కాలమ్‌ల వెడల్పున. ఊళ్లో ఇంటర్నెట్ లేదు. మురళి తెచ్చిన కంప్యూటర్‌లో ముందే ఎక్కించుకు వచ్చిన పేజీలు చూపించి, సాయంత్రానికి మూట కట్టుకుని పోయాడు. పోతూ పోతూ మొదటి పేజీని రంగుల్లో ముద్రించి, ప్లాస్టిక్ తొడిగి ఇచ్చాడు. దాన్ని సంఘం ఆఫీసులో గోడకు తగిలించారు. శుక్రవారం శుక్రవారం దానికి పూలదండ వేసేవారు. ఎవరైనా వస్తే "మా వెబ్‌సైట్ చూద్దురు రాండి" అని ఆ గోడ దగ్గరికి తీసుకుపోయేవారు.

నవ్వకండి. వెబ్‌సైట్ అంటే ఏదో ఒక కంప్యూటర్‌లో దాచి ఉంచిన పేజీల కట్ట, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా మార్చవచ్చు, నిన్న చూసింది ఇవ్వాళ ఉండాలని లేదు అని చెప్పాల్సినవాడు చెప్పకుండా ప్లాస్టిక్ తొడిగి ఇస్తే, చూసినవాడు దాన్నే వెబ్‌సైట్ అనుకోక ఏమనుకుంటాడు? మనం పత్రిక వాళ్లం మౌస్‌కు బొట్టు పెట్టిన ఫొటో వేశాం. మౌస్ నొక్కిన తరువాత ఏమవుతుందో ఒక్క వాక్యం రాయలేదు.

ఇంకొకటి. ఆ పేజీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మొదట తెలుగులోనే చేశారట. అప్పట్లో తెలుగు అక్షరాలకు అందరికీ ఒకే పద్ధతి అమరలేదు. ఒక్కొక్క పత్రికకు, ఒక్కొక్క డిజైనర్‌కు సొంత ఫాంటు. ఫాంటు అంటే అక్షరాల అచ్చుపెట్టె. మన అచ్చుపెట్టె చదివేవాడి కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు, కొక్కేలు కనబడేవి. మా పత్రిక సైట్ తెరిచి "మీకేమైనా పిచ్చి పట్టిందా" అని బెంగళూరు నుంచి ఉత్తరాలు రాసినవాళ్లు ఉన్నారు. ఆ తలనొప్పి ఎందుకని మురళి మొత్తం ఇంగ్లీషులోకి మార్చేశాడు. ఊళ్లో ఆ పేజీలు చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్క. చదవలేని సైట్‌ను, ఊళ్లో తెరవలేని సైట్‌ను, ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? అందుకే సరుకు మారిపోయి ఎన్నాళ్లయిందో ఈ రోజుకూ ఎవరికీ తెలియదు.

పత్రికతో పోల్చి చెబుతాను

నెట్ సెంటర్ నుంచి బయటికి వచ్చాక, ఒక చెరుకురసం బండి దగ్గర నిలబడి ఓబులేసు నన్ను అడిగాడు. "సార్, మా సైటు మా దగ్గర ల్యాకుంటే యాడుంది? ఎవురెత్తుకపాయిరి?"

నాకు తెలిసిన పోలిక పత్రిక ఒక్కటే. అదే చెప్పాను. తరువాత ఎందరికో ఇలాగే చెప్పాను, కాబట్టి ఇక్కడా రాస్తాను.

పత్రికకు మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి. ఒకటి పత్రిక పేరు. అది ప్రభుత్వ రిజిస్టర్‌లో ఒకరి పేరున నమోదై ఉంటుంది. రెండు, అచ్చయ్యే ప్రెస్సు. అది మనదే కానక్కరలేదు, అద్దెకు ఇంకొకరి ప్రెస్సులో వేయించుకోవచ్చు. మూడు, పేజీల్లోని రాతలు, బొమ్మలు.

వెబ్‌సైట్‌కూ అంతే. జనం కొట్టే చిరునామా పేరే డొమైన్. పేజీలు దాచి, అడిగినవాడికల్లా అందించే పెద్ద కంప్యూటర్ సర్వర్. అది రాత్రింబవళ్లు నడుస్తుంది, ఏ దేశంలోనైనా ఉండవచ్చు. దానిలో మన పేజీలకు జాగా అద్దెకు తీసుకోవడం హోస్టింగ్. ఆ జాగాలోకి మన రాతలు, బొమ్మలు పంపడం అప్‌లోడ్. చిరునామా కొట్టగానే మొదట తెరుచుకునేది హోమ్ పేజీ, పత్రికకు మొదటి పేజీ లాంటిది. మొదటి పేజీ వార్త కింద "తరువాయి ఏడో పేజీలో" అని వేస్తామే, నొక్కితే చాలు ఏడో పేజీకి మనల్ని ఎత్తుకుపోయేదే లింకు. ఇవన్నీ తెచ్చి మన కళ్ల ముందు పరిచే ప్రోగ్రాము బ్రౌజర్. అది పత్రిక వేసే కుర్రవాడి లాంటిది. వాడు పత్రిక రాయడు, మార్చడు, తెచ్చి పడేస్తాడు.

ప్రెస్సు వాడితో చెడితే ఇంకో ప్రెస్సుకు పోవచ్చు. రాతలు పోతే మళ్లీ రాసుకోవచ్చు. పేరు పోతే పత్రికే పోయింది. అదే పేరుతో వాడు రేపటి నుంచి ఏం వేసినా పాఠకుడు అది మనదనే చదువుతాడు. డొమైన్ అంటే అది. అది కొనేది కూడా కాదు, గడువుకు తీసుకునేది. గడువు తీరేలోగా మళ్లీ కట్టాలి, దాన్నే రెన్యువల్ అంటారు. ఎవరి పేరున నమోదైందో వాడే దాని ధనీ, అంటే యజమాని. తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, ఎవరి దగ్గర ఉందో వాడిదే పెత్తనం.

ఓబులేసు గ్లాసు కింద పెట్టేశాడు. "అట్లయితే సార్, అది మురళి పేరు మింద ఉండాది."

"వాడు మోసం చేసి వాడి పేరున పెట్టుకున్నాడా?"

"ల్యా సార్. మేమే పెట్టుకోమంటిమి."

ఊరి వాళ్ల పేరు ఉండకూడదు

ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. తరువాత ఆయన చెప్పింది విన్నాక అర్థమైంది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పదిమందిదీ అయిన సొత్తు ఊళ్లోవాడి చేతిలో ఉండకూడదు. చౌడేశ్వరమ్మ నగలు తరాలుగా పక్క పల్లెలో ఒక రైతు ఇంట్లో ఉంటాయి. ఆయన నేతవాడు కాదు, వాళ్ల కులమూ కాదు. జాతరకు తెచ్చి అమ్మవారికి పెట్టి, మరునాడు తీసుకుపోతాడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఎప్పుడో ఊళ్లో రెండు వీధుల వాళ్లు నగల కోసం తలలు పగలగొట్టుకున్నారట. అప్పటి నుంచి ఇదీ పద్ధతి. తగువులో లేనివాడే కాపలాదారు. ఒక్క పూస పోయింది లేదు.

"వెబ్‌సైట్ ఎవరి పేరున పెట్టాలి?" అని మురళి అడిగినప్పుడు వాళ్లకు ఆ పద్ధతే తోచింది. అధ్యక్షుడి పేరు పెడితే రెండో వీధి ఒప్పుకోదు. కార్యదర్శి పేరు పెడితే మొదటి వీధి ఒప్పుకోదు. "నీ పేరే పెట్టుకో నాయనా, నువ్వు మాలో వాడివి గాదు" అన్నారు. వాడు పెట్టుకున్నాడు.

పట్నంలో కూర్చున్నవాళ్లకు ఇది తెలివితక్కువ పనిగా కనబడవచ్చు. మా ఆఫీసులో ఒకాయన "ఇంత అమాయకులా" అని పగలబడి నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు. వాళ్ల పద్ధతి అంతకు ముందు ఒక్కసారీ తప్పలేదు. ఈసారి తప్పినవాడు వాళ్లు ఎన్నుకున్న మనిషి. చదువుకున్నవాడు, ఏమి చేస్తున్నాడో తెలిసినవాడు. "అన్నా, సంఘం పేరు మీదనే పెట్టొచ్చు, ఒక మనిషి పేరు అక్కర్లేదు" అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అది చెప్పడానికి వాడికి ఎంత సేపు పట్టేది?

కర్నూలులో

ఓబులేసు, లక్ష్మీదేవి, నేను కర్నూలు పోయాం. మురళి మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు.

"రాండన్నా, రాక్కా. విలేకరి సార్ గూడా వచ్చినారే! కూచోండి, టీ చెప్తా."

"టీ వద్దు గానీ మురళీ, మా పేరు మాకియ్యి," అన్నాడు ఓబులేసు.

"పేరు యాడికి పోయిందన్నా? ఆడనే ఉండాది గదా."

"పేరు మాది, సరుకు ఎవనిదో. దాని సంగతి చెప్పు."

"అన్నా, మీరు కొత్త ఫొటోలు పంపల్యా. ఒకరన్నా ఫోన్ చేయల్యా. సైటును ఖాళీగా ఎండబెడితే ఎట్ల? రెన్యువల్ నేనే చేస్తా వస్తాండా. ఒక పార్టీ వచ్చి అడిగితే వాడుకోమని ఇచ్చినా."

"మమ్మల్ని అడక్కుండానే ఇస్తివా?"

"నా పేరు మీద ఉండేదానికి ఎవురినడగల్లన్నా నేను? పెట్టుకోమన్యది మీరే గదా. సార్, మీరు చెప్పండి, చట్టం ఏమంటాది?"

ఆ "సార్, మీరు చెప్పండి" అన్నప్పుడు వాడి ముఖంలో ఉన్న నవ్వు నాకు ఇంకా గుర్తుంది. నేను జవాబు చెప్పేలోగా లక్ష్మీదేవి మాట్లాడింది.

"మా తగువుల్లో ల్యాని మనిషివని నీ పేరు పెడితిమి. తగువు నీతోనే వస్తాదని ఎవురనుకుంటిమి?"

"కోపం చేసుకోవద్దక్కా. ఇంగొక పేరు చేయించి ఇస్తా. చివర డాట్ కామ్ తీసేసి డాట్ ఇన్ పెడదాం. ఏమవుతాది? రెండక్షరాలు."

"ఏమవుతాదా? ఆ పాత పేరు నేసిన చీరలు యా ఊర్లో, యా ఇంట్లో, ఎవురి పెట్టెలో ఉండాయో నీకు తెల్సా? అన్నిటి కొంగులూ ఇప్పి ఆ రెండక్షరాలు మల్లా నేసి వస్తావా నువ్వు?"

"అక్క భలే మాట్లాడతాది సార్," అన్నాడు మురళి, నా వైపు తిరిగి.

"మాట్లాడేది అయిపోయిందిలే," అని ఆమె లేచింది. "మొగోడివైతే మల్లా మా ఊరికొచ్చి టీ తాగు."

తిరుగు ప్రయాణంలో ఓబులేసు ఒక్కటే మాట పదే పదే అన్నాడు. "వాని నోట్లో అబద్ధం ల్యా సార్. ఒక్కటీ ల్యా. అదే నాకు మండుతాంది."

ఏ స్టేషన్ పరిధి?

పోలీసుల దగ్గరికీ పోయాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే, ఓపికగానే విన్నాడు.

"ఏం పోయింది?"

"పేరు పోయింది సార్."

"పేరు అక్కడే ఉందంటున్నారు గదా. వస్తువు పోతే గదా దొంగతనం. సరే, ఆ కంప్యూటర్ యాడుంది?"

సర్వర్ ఎక్కడో విదేశంలో ఉండవచ్చని నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన కాగితం పక్కకు జరిపాడు. "అట్లయితే మన పరిధి గాదు." వాకిట్లో ఉన్న కానిస్టేబులు ఓబులేసును పలకరించాడు, "పెద్దాయనా, పాస్‌పోర్టు ఉండాదా?"

ఈ పొరపాటు ఆ ఒక్క స్టేషన్‌ది కాదు, ఆ రోజుల్లో నేను అధికారులందరి దగ్గరా చూశాను. పేజీలు దాచిన యంత్రం ఎక్కడుందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పోయింది పేరు. పేరు ఎవరి మీద నమోదై ఉందో అప్పట్లో ఎవరైనా నెట్‌లో చూడవచ్చు, ఉచితంగా. నేను చూపించాను కూడా. మురళి పేరు, కర్నూలు అడ్రసు తెర మీద కనబడ్డాయి. ప్రెస్సు ఏ ఊళ్లో ఉందని కాదు, పత్రిక పేరు ఎవరిదని అడగాలి. ఆ తేడా తెలియక ఎన్ని ఫిర్యాదులు ఇలా బల్ల దాటకుండా పోయాయో.

హైదరాబాదులో ఒక వకీలు మాత్రం సరైన ప్రశ్న అడిగాడు. డొమైన్ తగాదాలకు మధ్యవర్తులు ఉంటారని, అక్కడ నెగ్గాలంటే ఆ పేరు మీద మనకు ముందు నుంచీ హక్కు ఉందని చూపాలని చెప్పాడు. "ట్రేడ్‌మార్క్ చేయించారా?" అన్నాడు. ఓబులేసు నా ముఖం చూశాడు. వాళ్ల ముత్తాతల నాటి నుంచి ఆ చీరను ఆ ఊరి పేరుతోనే పిలుస్తున్నారు. దాన్ని తమదని ఎక్కడో రాయించుకోవాలని వాళ్లకు ఎవరు చెప్పారు?

మా పత్రికలో ఏం వచ్చింది

మొత్తం కథ రాసి మా ఎడిషన్ ఇన్‌చార్జికి ఇచ్చాను. మంచి జర్నలిస్టు ఆయన. ఎన్నికల రాత్రుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఇంకెక్కడా నేర్చుకోలేదు. నా వ్యాసం రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు.

"డొమైన్ అంటే మన పాఠకుడికి ఏం తెలుసయ్యా?"

"తెలియదు కాబట్టే సార్."

"ఇద్దరి మధ్య సాంకేతిక వివాదం ఇది. వాడు దావా వేస్తే? పేర్లు తీసేసి, పదాలకు అర్థాలు రాయి. విజ్ఞానదాయకంగా ఉంటుంది."

ప్రారంభోత్సవం ఫొటోకు నాలుగు కాలమ్‌లు దొరికాయి. పేరు పోయిన వార్తకు జాగా దొరకలేదు. మౌస్ నొక్కిన పెద్దమనిషి వార్త, మగ్గం నొక్కే మనిషి వివాదం.

సరే, పదాలైనా రాద్దామని రాశాను. చెరుకురసం బండి దగ్గర చెప్పినట్టే రాశాను. అచ్చులో చూసుకుంటే నా భాష లేదు. డొమైన్ "అంతర్జాల అధిక్షేత్ర నామము" అయింది. హోస్టింగ్ "ఆతిథ్య సేవ" అయింది. లింకు "అనుసంధాన సూత్రము". భాష మీద ప్రేమతోనే మార్చారు, కాదనను. కానీ మురళి దుకాణంలో ఈ మాటలు ఎవడు అంటాడు? బిల్లు మీద డొమైన్ అని రాసి ఉంటుంది, మనం అధిక్షేత్రం నేర్పించి పంపిస్తాం. మరునాడు ఆత్మకూరు నుంచి ఒక కిరాణా కొట్టాయన ఫోన్ చేశాడు. "సార్, ఆతిథ్య సేవ అంటే టిఫిన్లు గూడా వాళ్లే పెడతారా?" ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగాడు. జనం నోట్లో ఉన్న మాటను తీసేసి, ఎవరి నోటా లేని మాట పెట్టడం చదువు చెప్పడం కాదు. తలుపు మూయడం.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

మీరు రేపు ఎవరికో సైట్ చేసిపెడతారు, లేదా ఎవరి సైట్ గురించో వార్త రాస్తారు. రంగులు, బొమ్మలు తరువాత. ముందు ఎదుటి మనిషిని కూర్చోబెట్టి నాలుగు సంగతులు చెప్పండి. పేరు ఎవరి మీద నమోదైంది, గడువు ఎప్పుడు తీరుతుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, పేజీల నకలు ఇంకోచోట దాచారా లేదా. ఆయన వాడే మాటల్లోనే చెప్పండి. ఆయన తిరిగి మీకు చెప్పగలిగేదాకా చెప్పండి. "మీకెందుకన్నా, నేను చూసుకుంటా" అనే మాట మీ నోట రాకూడదు. నేను చూసిన నష్టాలన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి.

హిట్ల సంఖ్య చూసి మురిసిపోయే అధికారులు మీకు తగులుతారు. సర్వర్ పంపే ఒక్కో ముక్కా ఒక హిట్టేనని, పేజీలో పది బొమ్మలుంటే ఒక్క మనిషి వచ్చినా పదకొండు హిట్లు పడతాయని వాళ్లకు చెప్పండి. కోపం వస్తుంది. అయినా చెప్పండి.

లెక్చరరమ్మ పాడైన చీర బదులు సంఘం మరో చీర నేసి ఇచ్చింది. ఆమె తీసుకోనంది, లక్ష్మీదేవి ఊరుకోలేదు. "మా పేరు మీద పోయింది మీ మర్యాద. తీసుకోండమ్మా." ఆ తరువాత ఇంకో రెండు ఫిర్యాదులు వచ్చేసరికి సంఘం సమావేశం పెట్టారు. కొంగు మీద చిరునామా నేయడం ఆపాలా వద్దా అని రెండు వీధులూ కొట్లాడుకున్నాయి. "మన పేరు మనం నేసుకునేదానికి ఎవడికి భయపడల్ల?" అని ఒకరు. "నేసిన కొద్దీ వాని అంగడికే బేరం పంపిస్తాండాం గదప్పా" అని ఒకరు. లక్ష్మీదేవి ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మరునాడు తన మగ్గం మీది జాకార్డు గొలుసులోంచి ఆ అక్షరాల అట్టలు తానే తెంపి తీసేసింది. మిగతా మగ్గాల వాళ్లూ తీసేశారు.

కొన్నేళ్లకు మురళి కర్నూలులో గది ఖాళీ చేశాడు. ఎక్కడికి పోయాడో తెలియదు. వాడు గడువు కట్టడం మానేశాడు. పేరు కొన్నాళ్లు ఎవరిదీ కాకుండా ఉంది, అప్పుడు సంఘం పేరున నమోదు చేయించుకునే వీలుండేది. ఆ గడువు ఏ రోజు తీరుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను తెలుసుకుని ఫోన్ చేసేసరికి ఇంకెవరో పట్టేశారు. కొంతకాలం ఆ చిరునామా కొడితే, ఈ పేరు అమ్మకానికి ఉంది అని ఇంగ్లీషులో ఒక పేజీ వచ్చేది. తరువాత అదీ లేదు.

పోయిన నెల మళ్లీ చూశాను. ఆ చిరునామాలో ఏ పేజీ తెరుచుకోలేదు. నమోదు వివరాలు వెదికాను. ఇప్పుడు ధనీ పేరు దాచిపెట్టే ఏర్పాటు వచ్చింది, పేరున్న చోట ఖాళీ ఉంది. కానీ గడువు మాత్రం కొత్తగా పొడిగించి ఉంది. ఆ ఊరి పేరును ఎవరో ఇంకా కట్టి ఉంచుకుంటున్నారు. ఎవరో, దేనికో, సంఘం ఇప్పటికీ తెలుసుకోలేకపోయింది.